గోలీ మింగిన రక్తం

మా బామ్మర్ది ఊపిరితిత్తుల్లో పట్టిన బూజును డాక్టర్ల కంటే ముందు నేనే కనిపెట్టానని చెన్నూరులో చాలామంది నమ్ముతారు. నమ్మించింది నేనే. బస్టాండు పక్క చాయ్ హోటల్లో ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడు డాక్టరమ్మ నన్ను మెచ్చుకుని కుర్చీ వేసింది. మరోసారి చెప్పేసరికి నా చేయి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత హైదరాబాదు నుంచి పెద్ద డాక్టర్లు కారు మాట్లాడుకుని మరీ నన్ను చూడటానికి వచ్చారు. వినేవాళ్లు చాయ్ చల్లారిపోతున్నా కదల్లేదు. అసలు సంగతి ఏమిటంటే, డాక్టరమ్మ నాకు కుర్చీ వేయలేదు. వార్డు బయటికి నడవమంది.

ఈ కథ నా చేయి దాటిపోయిందని ఈమధ్యే తెలిసింది. భార్యకు రక్తక్యాన్సర్ వైద్యం చేయిస్తున్న ఒకాయన నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. పరీక్షకు ముందు ఏ గోలీలు ఆపాలో జర చెప్పమని అడిగాడు.  ఏదీ ఆపొద్దని, నా మాటలు నమ్మొద్దని చేతులు జోడించి చెప్పాను. ఏదో పెద్ద విద్య దాచుకుంటున్నవాణ్ణి చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. హోటల్లో విన్నవాళ్లందరి గడపలూ తొక్కి సరిదిద్దే ఓపిక నాకు లేదు. ఇప్పుడు దేనికీ ఓపిక లేదు. కూర్చుని రాయడమే తేలిక.

నేను బొగ్గుబావిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బావుల దగ్గర బతికినవాళ్లకు డాక్టరు పరీక్ష అంటే ఒంట్లో ఏముందో తెలుసుకునేది కాదు, గెలవాల్సిన పందెం. ఎప్పటికప్పుడు పిలిచి బీపీ, షుగరు చూస్తారు. పనిలో ఉండాలనుకున్నవాడు పరీక్ష దగ్గరపడుతుంటే గోలీలు తప్పకుండా మింగి, సారా ముట్టకుండా, పెళ్లికొడుకులా తయారై వెళ్లి ఫిట్ అనిపించుకుంటాడు. ఇక చాలు, నా జాగాలో కొడుకు పనికెక్కాలి అనుకున్నవాడు మెడికల్ బోర్డుకు పోయేముందు గోలీలన్నీ ఆపి, ఉప్పెక్కువైన మామిడి తొక్కు నాకి, నిద్ర చెడగొట్టుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని వెళ్లి అన్‌ఫిట్ అనిపించుకోవాలని చూస్తాడు. గోలీ పడితే రక్తం ఒక మాట చెబుతుంది, ఆపితే ఇంకో మాట చెబుతుంది. క్వార్టర్లలో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నేనైతే నా బీపీని నల్లా తిప్పినట్టు తిప్పగలనని చెప్పుకునేవాణ్ణి. బోర్డు ముందు నా చేతికి పట్టీ కడితే పాదరసం గాజును పగలగొట్టుకుని బయటికి వచ్చిందని కూడా ఒకసారి చెప్పాను. నిజానికి గోలీలు ఆపి, ఉప్పు బుక్కి వెళ్లినా నా బీపీ మామూలుగానే ఉంది. బోర్డు డాక్టరు వీపు తట్టి పంపించాడు. సర్వీసు ముగిసేదాకా బావిలోకి దిగుతూనే ఉన్నాను. అన్‌ఫిట్ కావడానికి కూడా పనికిరాని మనిషి అని నా భార్య ఇప్పటికీ అంటుంది.

ఆమె తమ్ముడే ఈ బామ్మర్ది. సిరిసిల్లలో ఇంకొకరి మరమగ్గాలు నడిపేవాడు. ఆ చప్పుడులో బతికి బతికి మెల్లగా మాట్లాడటం మరిచిపోయాడు. రహస్యం చెప్పినా వీధి చివరకు వినబడుతుంది. వాడు నన్ను బొగ్గుమూట అనేవాడు, నేను వాణ్ణి దూదిపింజ అనేవాణ్ణి. ఒక వానాకాలం వాడికి జ్వరం పట్టుకుని వదల్లేదు. చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలైంది. చివరికి రక్తక్యాన్సర్ అని తేల్చి కరీంనగర్‌లో ఒక దవాఖానలో చేర్చుకున్నారు. మంచాన పడ్డ మా అత్తను వదిలి వాడి భార్య కదలలేదు. నా భార్యకు మోకాళ్లు పనిచేయవు. ఖాళీగా ఉన్నవాణ్ణి నేను. బట్టల సంచి పట్టుకుని బస్సెక్కాను. నన్ను చూడగానే వాడన్న మొదటి మాట, ఆదిలాబాద్ అడవిలోంచి కోతి దిగిందని. అది విని వార్డంతా నా వైపు తిరిగింది.

మొదటి విడత క్యాన్సర్ మందుకే వాడి రక్తంలో తెల్లకణాలు అడుగంటాయి. అలాంటప్పుడు గాలిలో తిరిగే బూజు ఊపిరితిత్తుల్లో దిగి వేళ్లు తన్నుతుందట. మనలాంటివాళ్లం రోజూ పీల్చి వదిలేసేదే, వాడిలాంటివాళ్లను చంపేస్తుందట. అందుకని అది రాకముందే కాపు కాయడానికి రోజూ గోలీలు ఇచ్చేవారు. పొద్దున వాడు ఏదో కొంత తిన్నాక నర్సు వాటిని చిన్న గిన్నెలో తెచ్చి నా చేతిలో పెట్టేది. మింగించడం నా డ్యూటీ. అంతకుమించి అక్కడ నాకు పని లేదు. అన్నం పొట్లాలు తేవడం, బెంచీ మీద కూర్చోవడం, ఫ్యాను తిరుగుతుందో లేదో చూడటం. ముసలితనంలో మనిషిని అలిసిపోయేలా చేసేది పని కాదు, కూర్చోవడం.

పక్క మంచం మీద ఒక పెద్దామె ఉండేది. ఆమెది వేరే రకం క్యాన్సర్. ఆమెకు ఎక్కించే మందుకూ ఈ గోలీలకూ పడదని ఆమెకు గోలీలు ఇచ్చేవారు కాదు. బదులుగా బూజు వచ్చిందేమో చూడటానికి వారం వారం రక్తం తీసి పంపేవారు. మా వాడికి తీసేవారు కాదు. ఇది వాడికి కొరుకుడు పడలేదు. తనది సర్కారు కార్డు కనుకనే పరీక్ష చేయడం లేదని నా చెవిలో పోరు పెట్టాడు. ఆ పెద్దామె కూడా అదే కార్డు మీద వచ్చిందని నాకు తెలుసు. చెప్పలేదు. పొద్దు గడవని చోట గొడవ పడటానికి దొరికిన సాకును ఎవరు వదులుకుంటారు?

డాక్టరమ్మది చిన్న వయసు. నేను గొంతు పెంచి అడిగినా ఆమె విసుక్కోకుండా మంచం అంచున నిలబడి చెప్పింది. బూజు ఒంట్లో పెరిగేటప్పుడు దాని పొట్టు కొంత రక్తంలోకి రాలుతుందట. పరీక్ష పట్టుకునేది ఆ పొట్టునే. గోలీ వేసుకునేవాళ్లకు అసలు బూజు రావడమే అరుదు. అలాంటివాళ్లకు ఊరికే పరీక్షలు చేస్తూ పోతే ఏమీ లేకున్నా ఉందని చూపించే తప్పుడు కబుర్లే ఎక్కువ వస్తాయట. ఒకవేళ గోలీని తప్పించుకుని బూజు లోపలికి దూరినా, గోలీ దాన్ని తీరుబడిగా పెరగనివ్వదు కనుక రాలే పొట్టు తక్కువ. అప్పుడు ఉన్నా లేదని చూపించవచ్చు. ఉందన్నా పూర్తిగా నమ్మలేని, లేదన్నా పూర్తిగా నమ్మలేని పరీక్షను వారం వారం చేసి ఏం లాభం అని ఆమె నన్నే అడిగింది. జ్వరం తగ్గకుండా అనుమానం వస్తే మాత్రం రక్తమూ చూస్తాం, ఛాతీ స్కానూ తీస్తాం అంది.

అంతా అర్థమైనట్టు తల ఊపాను. నా తలకు ఎక్కింది ఒకటే ముక్క. గోలీ ఉంటే రక్తం నిజం చెప్పదు. అది నాకు ముప్పై ఏళ్లుగా తెలిసిన సంగతే అనిపించింది.

అనుకున్నట్టే జ్వరం వచ్చింది. సూదులు మార్చి మార్చి ఇచ్చినా దిగలేదు. దానికి పొడిదగ్గు తోడైంది. ఇక రక్తం పంపుదాం, స్కాన్ తీద్దాం అంది డాక్టరమ్మ. స్కాన్ మిషన్ చెడిపోయి ఉంది, బాగుచేసేవాడు రావాలి. ఆ రక్తపరీక్షకు కూడా వారంలో ఒకరోజే పంపుతారు. ఈలోగా ఆయాసం ఎక్కువైతే ఏ పరీక్ష కోసమూ ఆగనని, బూజు మందు ఎక్కించేస్తానని చెప్పి వెళ్లింది. పరీక్షకు ముందు మా ఇద్దరికీ కొన్ని రోజులు దొరికాయి. దొరకకపోయినా బాగుండేది.

వాడి మంచం మీదికి వంగి, గోలీ మింగుతూ పరీక్ష చేయించుకుంటే లేదనే వస్తుందని, ఆ రోజు దాకా గోలీలు ఆపేద్దామని, అప్పుడు రక్తం అసలు మాట చెబుతుందని అన్నాను. వాడు పైకప్పు వైపున్న తల నా వైపు తిప్పాడు.

"గిది మీ బావుల కాడి ఇకమతు. దవాఖానల నడుస్తదా?"

"రక్తం ఏడున్నా రక్తమేరా."

"మరి నువ్వు అన్‌ఫిట్ కాలేకపోతివి గద బావా."

"నాది మొండి రక్తం. నీది దూదిపింజ రక్తం. ఇట్ల అడిగితే అట్ల చెప్తది."

వాడు నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గేదాకా వీపు రాస్తూ కూర్చున్నాను. తర్వాత ఎప్పుడూ లేనిది, వాడు మెల్లగా మాట్లాడాడు.

"ఉన్నదో లేదో ఎర్కైతే సాలు బావా. గీ తెల్వకుంట పండుడే నన్ను సంపుతున్నది."

ఆ మాట మీద ఆపాం. పొద్దున నర్సు ఇచ్చిన గోలీలు నా అంగీ జేబులోకి పోయేవి. మింగాడా అని అడిగితే తల ఊపేవాణ్ణి. హోటల్లో చెప్పేటప్పుడు, వాడి ప్రాణం కోసం నేను చేసిన సాహసమని చెబుతాను. వాడి సంగతి నిజమే, వాడికి తెలుసుకోవాలని ఉంది. నా సంగతి వేరు. ఆ వార్డులో నన్ను ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. జరుగు, పట్టుకో, సంతకం పెట్టు, అంతే. ఒక్కసారి నాకు తెలిసిన విద్య పనికిరావాలని నాకు కోరిక. అది కోరిక కూడా కాదేమో, విసుగు.

రక్తం పంపారు. బూజు ఉందని వచ్చింది. అప్పటికి మిషన్ బాగైంది, స్కాన్‌లో కుడివైపు ఊపిరితిత్తిలో తెల్లటి మచ్చ కనబడింది.

నాకు సంతోషమైంది. ఇది హోటల్లో ఎన్నడూ చెప్పని ముక్క. బామ్మర్ది ఊపిరితిత్తిలో బూజు పట్టిందంటే ఏడవాల్సిందిపోయి, పందెం గెలిచినట్టు వరండాలోకి వెళ్లి నా భార్యకు ఫోన్ చేశాను. డాక్టర్లకు దొరకనిది నేను పట్టుకున్నానని చెప్పాను. తమ్ముడికి ఏమవుతుందోనని ఆమె అవతల ఏడుస్తుంటే, నేను పట్టుకున్న తీరు మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

డాక్టరమ్మ వేరే మందు ఎక్కించాలని కాగితం రాస్తోంది. నాకు లోపల ఆగలేదు. గోలీలు ఆపి రక్తం చేత నిజం చెప్పించింది మేమేనని, చిరునవ్వుతో చెప్పేశాను. ఆమె పెన్ను ఆగింది.

"ఎన్ని రోజులు ఆపిన్రు?"

జీవితమంతా పెంచి చెప్పినవాణ్ణి, ఆమె ముఖం చూసి తగ్గించాను. ఒక్కరోజేనన్నాను.

"అబద్ధం మేడం," అన్నాడు బామ్మర్ది మంచం మీది నుంచి. "మీరు పరీక్ష చేస్తమని చెప్పిన కాన్నుంచి ఒక్కటి మింగలే. అన్ని ఆయన జేబుల ఉన్నయి."

జేబులోంచి తీసి చూపించాను. కొన్ని చెమటకు మెత్తబడి ఉన్నాయి. ఆమె వాటిని ముట్టుకోలేదు.

"బాపూ, గీ గోలీ రక్తం నోరు ముయ్యనీకి ఇయ్యలేదు. లోపల బూజును పెరగనియ్యకుండ ఇచ్చినం. మీరు రక్తాన్ని మాట్లాడించలే. బూజును మేపిన్రు."

అప్పుడే నన్ను బయటికి నడవమంది.

బీపీ గోలీ ఆపితే కాసేపు బీపీ పెరుగుతుంది, పట్టీ విప్పాక మళ్లీ గోలీ వేసుకుంటే దిగుతుంది. నాకు తెలిసిన లెక్క అంతే. కావలివాణ్ణి పంపించేసి దొంగ వస్తాడో లేదో చూశామని బెంచీ మీద కూర్చున్నాక గానీ వెలగలేదు.

రోజుల లెక్క ఎందుకు అడిగిందో కొంతసేపటి తర్వాత ఆమే వచ్చి చెప్పింది. గోలీ వేసుకుంటుండగానే బూజు వచ్చిందంటే ఆ జాతి మందులకు అది లొంగలేదని అర్థం, వేరే జాతి మందు కావాలి. అది మూత్రపిండాలను పిండే మందు. గోలీ ఆపినందుకు వచ్చిందంటే ఆ గోలీ జాతి మందే సరిపోవచ్చు. ఇప్పుడు ఏ దారిన వచ్చిందో తెలియదు కనుక కఠినమైనదే ఎక్కించక తప్పదు. ఇంకో మాట కూడా చెప్పింది. ఊపిరితిత్తిలో బూజు ఉండగా క్యాన్సర్‌కు తర్వాతి విడత మందు ఇవ్వలేం. అది ఆలస్యమైతే క్యాన్సర్ తిరగబెట్టవచ్చు. ఈ మచ్చ తగ్గాలి, త్వరగా తగ్గాలి. వాడి బతుకు దాని మీద ఉంది.

ఆ మందు ఎక్కుతుంటే వాడు గజగజ వణికేవాడు. మంచం ఇనుప కాళ్లు నేల మీద టకటకలాడేవి. దుప్పట్లు కప్పి పైనుంచి నేను ఒరిగి పట్టుకునేవాణ్ణి. వణుకు తగ్గాక చెమట, చెమట ఆరాక నీరసం, మర్నాడు మళ్లీ అదే. మూత్రం కొలిచి చెప్పడం నా పనుల్లో కలిసింది. వాడు నన్ను తిట్టడం మానేశాడు. అది నాకు మంచి గుర్తుగా అనిపించలేదు. బొగ్గుమూట అంటాడేమోనని కావాలని చాయ్ వాడి దుప్పటి మీద ఒలకబోశాను. ఏమీ అనలేదు.

మధ్యలో బట్టలకని ఒకసారి చెన్నూరు వచ్చాను. అప్పటికే నా భార్య చుట్టాలందరికీ నేను పట్టుకున్న కథ చెప్పేసింది. బస్సు దిగగానే హోటల్లో పిలిచి కూర్చోబెట్టారు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటి నుంచి కుర్చీ వేసిన డాక్టరమ్మ వచ్చింది. అలిసిపోయి ఉన్నాను, అందరూ మెచ్చుకునేట్టు చూస్తున్నారు, అంతకంటే కారణం లేదు.

తిరిగి వెళ్లాక ఒక మధ్యాహ్నం డాక్టరమ్మను వరండాలో ఆపి అడిగాను. ఈసారి నా గొంతు పెరగలేదు.

"మేం ఆపినందుకే వచ్చిందా మేడం? ముందుగాలనే ఉండెనా?"

"తెల్వది బాపూ. జ్వరమైతే మీరు ఆపకముందే ఉండె. ఆపినంక పెరిగి ఉండొచ్చు, ఆపకున్నా ఉండి ఉండొచ్చు. వెనకకు పోయి చూసే పరీక్ష లేదు."

ఆమె నన్ను తిడితే తేలికయ్యేది. ఆ మాట తీసుకెళ్లి వాడికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క అక్షరం పెంచలేదు. వాడు కళ్లు మూసుకునే విన్నాడు.

"ఆపుదామన్నది నువ్వు. నోరు మూసుకున్నది నేను. చెరిసగం బావా. గీ ముచ్చట మళ్ల తియ్యకు."

తీయలేదు. వారాలు గడిచాయి. మచ్చ కొంచెం చిన్నదైంది. మూత్రపిండాలు ఓర్చుకున్నాయి. వణికించే మందు ఆపి మళ్లీ గోలీ జాతిలోనే పెట్టారు, ఇక చాలాకాలం వేసుకోవాలన్నారు. ఆగిపోయిన క్యాన్సర్ మందు, అనుకున్నదానికంటే బాగా ఆలస్యంగా, మళ్లీ మొదలుపెట్టారు. తెల్లకణాలు మళ్లీ అడుగంటాయి. మళ్లీ జ్వరం వచ్చింది.

డాక్టరమ్మ వచ్చి మంచం దగ్గర నిలబడి, వాడి వైపు కాకుండా నా వైపు చూసింది. గోలీ రోజూ పడుతోందా అని అడిగింది. పడుతోందన్నాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. నా మాటకు అక్కడ విలువ లేదని, ఉండకపోవడమే న్యాయమని తెలిసి నేల చూశాను.

"పడుతున్నది మేడం," అన్నాడు బామ్మర్ది. "మింగినంక నోరు తెరిపిచ్చి నాలిక కింద గుడ చూస్తడు. పశువుల డాక్టర్ లెక్క."

ఆమె నవ్వలేదు గానీ తల ఊపింది. మందు పడుతోంది కనుక ముందు రక్తపరీక్షను నమ్ముకోనని, నేరుగా స్కాన్‌కే పంపిస్తానని చెప్పింది. చక్రాల కుర్చీలో నేనే తోసుకెళ్లాను. వాడు ఎంత తేలికయ్యాడంటే కుర్చీ బరువే తెలిసింది. వాణ్ణి లోపలికి తీసుకెళ్లాక గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఏం కోరుకోవాలో కూడా తోచలేదు. కొత్త మచ్చ కనబడితే మందు మళ్లీ ఆగుతుంది, ఈసారి ఆగితే వాడికి మిగిలేది ఏమీ లేదని ఆమె నాతో ముందే చెప్పింది. వాడితో చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

సాయంత్రానికి రిపోర్టులన్నీ చూసి డాక్టరమ్మ నన్ను పిలిచి చెప్పింది. జ్వరం వాడి చేతికి పెట్టిన ట్యూబు నుంచి వచ్చిందట, దాన్ని తీసేస్తారట. వార్డులోకి వెళ్లేసరికి వాడు గోడవైపు తిరిగి ఉన్నాడు.

"ఏమన్నది?"

"కొత్తది లేదన్నది."

"పాతది?"

"ఉన్నది. జర్రంత. మందు ఆపేటంత లేదన్నది."

 వాడు నా వైపు తిరగడానికి మోచేయి ఆనించాడు. నేను చేయి వేయబోతే తోసేసి తనే తిరిగాడు. పొద్దున జ్వరంలో తినలేక గోలీలు అలాగే ఉండిపోయాయి. పొట్లం విప్పి పెరుగన్నం కలిపాను. నాలుగు ముద్దలు తిన్నాడు, ఐదోది వద్దన్నాడు, బలవంతం చేస్తే తిన్నాడు. గోలీలు ఒక్కొక్కటిగా వేసుకున్నాడు. నీళ్లు తాగి, నేను అడగకముందే నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు.